గుర్రం పడుకున్న రోజు

మా గుర్రాల ఆశ్రయానికి మొదటిసారి వచ్చేవాళ్లు తరచుగా ఒక ప్రశ్న అడుగుతారు. “గుర్రం మనల్ని గుర్తుపడుతుందా అండీ?” ఉద్యోగ విరమణ చేసినవాళ్లు అడుగుతారు. పిల్లలు విదేశాలకు వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయినవాళ్లు అడుగుతారు. రాత్రి షిఫ్టులతో నిద్ర పాడైపోయిన గచ్చిబౌలి కుర్రాళ్లు అడుగుతారు. గుర్తుపడుతుందనే చెబుతాను. ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 28 గుర్రాలకు మనుషుల ముఖాల ఫొటోలు చూపించారు. కోపంగా ఉన్న ముఖం కనబడగానే వాటి గుండె వేగం పెరిగింది. అవి తల తిప్పి ఆ ముఖాన్ని ఎక్కువగా ఎడమ కంటితోనే చూశాయి. అపాయమనిపించిన వాటిని చాలా జంతువులు అలాగే చూస్తాయి. అది మన ముఖంలో కోపాన్ని చదవగల జీవి. రోజూ కనిపించే మనిషిని గుర్తుపట్టకుండా ఎలా ఉంటుంది?

అయితే ఆ జవాబు దగ్గరే ఆగిపోతే, అడిగినవాళ్లను సగం దారిలో వదిలేసినట్టు. మనుషుల చేతుల్లో దెబ్బతిన్న గుర్రం మన ముఖాన్ని నమ్మడానికి చాలాకాలం పడుతుంది. అంతకంటే ముందు అది మన వేళని నమ్ముతుంది. తెల్లవారుతుండగా గేటు చప్పుడైతే గడ్డి వస్తుంది. గడ్డి తరువాత తొట్టిలో నీళ్లు మారుస్తారు. ఎండ ఎక్కేలోపు ఒళ్లు రుద్దుతారు. చీకటి పడ్డాక ఎవరో ఒకరు వచ్చి ఓసారి చూసి వెళతారు. ఈ వరుస రోజూ తప్పకుండా సాగితే, కొన్ని వారాలకు ఆ జంతువు ఒంట్లో బిగుసుకున్నదేదో సడలడం మొదలవుతుంది. మలక్‌పేట రేసుకోర్సు దగ్గర గుర్రాలను చూసుకుంటూ వయసంతా గడిపిన సాయీసు ఒకాయన మా దగ్గర పనిచేస్తున్నాడు. ఆయన ఈ సంగతి నాకు మొదట్లోనే చెప్పాడు. “అమ్మా, దాంతోని ముచ్చట్లు తర్వాత పెట్టుండ్రి. ముందుగాల టైముకు రాండ్రి.”

ఈ అధ్యాయమంతా ఆయన మాట చుట్టూనే తిరుగుతుంది. మూగజీవాలను కాపాడే పనిలో దొరికే తృప్తి గురించి చాలామంది తియ్యగా మాట్లాడతారు. ఆ తృప్తి నిజం. నా బతుక్కి అదే ఆధారం. కానీ మనసు కరిగిన క్షణాల్లో అది దొరకదు. వేళ తప్పకుండా చేసిన పనిలోంచి, ఆలస్యంగా, మనం అనుకోని రూపంలో వస్తుంది. అది వచ్చినప్పుడు గుర్తుపట్టాలంటే గుర్రం గురించి కొంత తెలిసి ఉండాలి. కాబట్టి మనసు సంగతి చెప్పే ముందు గడ్డి సంగతి, డెక్కల సంగతి చెబుతాను.

ఎక్కడి నుంచి వస్తాయి

మలక్‌పేటలో ఆరో నిజాం కాలం నుంచి పందేలు జరుగుతున్నాయి. పందెపు గుర్రం రెండేళ్ల వయసుకే పరుగులోకి దిగుతుంది. ఆరేడేళ్లు వచ్చేసరికి చాలావాటికి ఆ జీవితం ముగుస్తుంది. ముందుకాలి స్నాయువు దెబ్బతింటే ఇంకా ముందే ముగుస్తుంది. కానీ సరిగా చూసుకుంటే గుర్రం పాతికేళ్లు బతుకుతుంది, కొన్ని ముప్ఫయ్యేళ్లు కూడా. ఆ మిగిలిన ఇరవై ఏళ్లు దాన్ని ఎవరు మేపాలి? కొన్నింటిని మంచి రైడింగ్ స్కూళ్లు తీసుకుంటాయి. కొన్ని చేతులు మారుతూ పోతాయి. చేయి మారినప్పుడల్లా దాణా కొంచెం తగ్గుతుంది, పని కొంచెం పెరుగుతుంది. చివరికి కొన్ని పెళ్లి బరాత్‌లకు, సముద్రతీరంలో పిల్లల సవారీలకు చేరతాయి.

బరాత్‌లో నిలబడిన తెల్ల గుర్రాన్ని ఈసారి దగ్గరగా గమనించండి. పక్కనే డీజే పెట్టెలు, వెనక జనరేటరు, ముందు టపాకాయలు. గుర్రానికి ఇంచుమించు చుట్టూ కనిపిస్తుంది. సరిగ్గా ముక్కు ఎదుటా, సరిగ్గా తోక వెనకా మాత్రం కనపడదు. అపాయం వస్తే పారిపొమ్మని దాని ఒళ్లంతా చెబుతుంటుంది. పారిపోవడానికి వీల్లేకుండా కొన్నిచోట్ల దాని నోట్లో ముళ్ల కళ్లెం పెడతారు. బరువులు లాగే, మోసే జంతువుల కోసం 1965లో చేసిన కేంద్ర నియమాలు ముళ్ల కళ్లేన్ని నిషేధించాయి. రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి పనిచేయించకూడదనీ, ఆపకుండా అయిదు గంటలకు మించకూడదనీ, 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు పనికి పెట్టకూడదనీ ఆ నియమాల్లోనే ఉంది. జంతుహింస నిరోధానికి 1960లో వచ్చిన చట్టం మొదటి నేరానికి పెట్టిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. నియమం తెలిసి ఉండటం అవసరం, దాని బలమెంతో తెలిసి ఉండటం కూడా అవసరం.

ఇక్కడ నాకొక గట్టి అభిప్రాయం ఉంది. గుర్రం యజమానిని దుర్మార్గుడిగా చూడటంతో మొదలుపెట్టే రక్షణ ఎక్కువ దూరం పోదు. పాడేరు, చింతపల్లి వైపు కొండల్లో రోడ్డు లేని గూడేలకు సంత సరుకూ రేషన్ బియ్యమూ మోసుకెళ్లేవి పొట్టి గుర్రాలే. ఆ గిరిజన రైతు గుర్రం వీపు మీద పుండు పడితే ఆ ఇంటికి బియ్యం రావు. ఆయన దాని చెడు ఎందుకు కోరుకుంటాడు? గోనెసంచి బదులు వెన్నెముకను తాకకుండా అటూ ఇటూ ఆనే మందమైన మెత్త, ఏడాదికింత నట్టల మందు, ధనుర్వాతం రాకుండా ఒక టీకా. ఇవి ఆయన చేతికి అందిస్తే ఆ గుర్రం తన ఇంట్లోనే, తన మనుషుల దగ్గరే బాగుపడుతుంది. దాన్ని తెచ్చి ఆశ్రయంలో కట్టేయడం కంటే అది ఎన్నో రెట్లు మేలు. ఆశ్రయం చివరి మెట్టు కావాలి. వేరే దారి లేని గుర్రాలకే అందులో చోటు ఉంచాలి.

మొదటి పది రోజులు

ఎముకలు లెక్కపెట్టగలిగేలా చిక్కిపోయిన గుర్రం లారీలోంచి దిగుతుంది. చుట్టూ ఉన్నవాళ్ల కళ్లు చెమరుస్తాయి. పక్క పొలం రైతు ప్రేమగా ఒక బకెట్ ఉడికించిన ఉలవలు తెస్తాడు. మరొకరు బెల్లం, తవుడు కలిపి తెస్తారు. సరిగ్గా అప్పుడే మన జాలికి కళ్లెం వేయాలి.

చాలాకాలం పస్తున్న గుర్రం తన కండరాలను తానే కరిగించుకుని బతికి ఉంటుంది. ఒంట్లో భాస్వరం, మెగ్నీషియం, పొటాషియం అడుగంటి ఉంటాయి. అలాంటి కడుపులో ఒక్కసారిగా గింజలు పడితే ఇన్సులిన్ ఎగదన్నుతుంది. నెత్తురులో మిగిలిన ఆ కాస్త ఖనిజాలూ కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె, ఊపిరితిత్తులు తడబడతాయి. తిండి మొదలుపెట్టిన కొన్ని రోజులకు, కోలుకుంటోందని మనం అనుకునే సమయంలో గుర్రం కుప్పకూలుతుంది. ఆకలికి తట్టుకుని నిలిచినది అన్నం పెట్టాక చనిపోతుంది. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు ఈ విషయం మీద పనిచేసి ఒక పద్ధతి చెప్పారు. మొదటి మూడు రోజులు ఆకు ఎక్కువగా ఉన్న లూసర్న్ ఎండుగడ్డిని సుమారు అర కిలో చొప్పున నాలుగు గంటలకొకసారి పెట్టాలి. రాత్రి కూడా. తరువాత పదో రోజు దాకా మెల్లగా పరిమాణం పెంచుతూ, పెట్టే సార్లు తగ్గించాలి. గింజల జోలికి పోకూడదు. లూసర్న్‌లో పిండిపదార్థం తక్కువ, మాంసకృత్తులూ ఖనిజాలూ ఎక్కువ. ఇదంతా పశువైద్యుడి పర్యవేక్షణలోనే జరగాలి.

రాత్రి రెండు గంటలకు లేచి అర కిలో గడ్డి తూచి పెడతాం. అది తినేసి ఇంకా కావాలని తొట్టిని ముట్టెతో నెడుతుంది. మనం పెట్టం. వెనక్కి తిరిగి వచ్చేస్తాం. ఈ పది రోజులు గడిచాక మనిషిలో ఒక మార్పు వస్తుంది. ఎదుటి ప్రాణికి ఏది మంచిదో దాన్నే ఇవ్వగలగడం, మన మనసుకు ఊరటనిచ్చేదాన్ని పక్కన పెట్టగలగడం అలవాటవుతుంది. ఇంట్లో ముసలి తల్లిదండ్రులను చూసుకుంటున్నవాళ్లు, మందు మానేయాలని పోరాడుతున్న కొడుకు ఉన్నవాళ్లు మా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకు నేను సలహాలేమీ ఇవ్వను. ఒక రాత్రి గడ్డి తూచి పెట్టమంటాను.

కొత్తగా వచ్చిన గుర్రాన్ని వెంటనే మందలో కలపకూడదు. కనీసం మూడు వారాలు దూరంగా ఉంచాలి. దాని బకెట్, దాని బ్రష్, దాన్ని ముట్టుకునే మనిషి కూడా వీలైతే వేరుగా ఉండాలి. గ్లాండర్స్ అనే జబ్బు గుర్రాల నుంచి మనుషులకూ సోకుతుంది. అందుకే నెత్తురు పరీక్ష చేయించి తీరాలి. హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ జబ్బు నిర్ధారణకు దేశంలో పెద్ద దిక్కు. జబ్బు ఉందని తేలితే చట్టప్రకారం ఆ గుర్రానికి మరణమే. కఠినంగా అనిపిస్తుంది. మందలోని మిగతావాటినీ వాటికి మేత వేసే మనుషులనూ తలుచుకుంటే అది ఎందుకో అర్థమవుతుంది. జోరీగల వల్ల వచ్చే సర్రా వ్యాధికి కూడా అప్పుడే పరీక్ష చేయించాలి. వానాకాలంలో, ఆ తరువాతా మా వైపు జోరీగలు ఎక్కువ.

ఒక మామూలు రోజు

పొద్దున గేటు తీయగానే ముందు చూసేది ముఖాలను కాదు, లద్దెను. రాత్రి ఎన్నిసార్లు వేసిందో, గట్టిగా ఉందో పలచగా ఉందో, నమలని గింజలు కనబడుతున్నాయో లేదో చూస్తాం. గుర్రం వాంతి చేసుకోలేదు. తిన్నది కడుపులో ఆగిందంటే బయటికి రావడానికి ఒకటే దారి. అందుకే కోలిక్ అనే కడుపునొప్పికి గుర్రాల లోకంలో అంత భయం. లద్దె తక్కువైనా, గుర్రం పదే పదే తన డొక్కవైపు తిరిగి చూస్తున్నా, పడుకుని లేచి మళ్లీ పొర్లుతున్నా, పైపెదవి పైకి మడుస్తున్నా వెంటనే డాక్టరుకు ఫోన్ చేస్తాం. ఆయన ఫోన్ ఎత్తేలోపు దవడ కింద నాడి పట్టుకుని లెక్కపెడతాం. విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. ఒంటి వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఈ రెండు అంకెలూ డాక్టరుకు చెప్పగలిగితే ఆయన దారిలో ఉండగానే సగం వైద్యం మొదలవుతుంది.

తరువాత మేత. 400 కిలోల గుర్రానికి రోజుకు ఆరు నుంచి ఎనిమిది కిలోల ఎండుమేత కావాలి. ఎనిమిది కిలోల లెక్కన ఏడాదికి ఇంచుమించు మూడు టన్నులు, ఒక్కదానికే. వరిగడ్డితో సరిపెడదామంటే కడుపు నిండుతుంది గానీ ఒంటికి బలం రాదు. గేదెల కోసం పెంచే నేపియర్ గడ్డి దండిగా దొరుకుతుంది కదా అని అదొక్కటే వేసినా ముప్పే. దానిలోని ఆక్సలేట్లు మేతలోని కాల్షియాన్ని ఒంటికి అందనివ్వవు. దానికి తోడు భాస్వరం ఎక్కువగా ఉండే తవుడు రోజూ పెడితే గుర్రం తన ఎముకల్లోని కాల్షియాన్నే తోడుకోవడం మొదలుపెడుతుంది. ముఖం ఎముకలు ఉబ్బుతాయి, కుంటి వస్తుంది. గుర్రం తల పెద్దదైందేమిటని ఆశ్చర్యపోతారు గానీ, తప్పు తవుడు బస్తాలో ఉందని ఎవరికీ తోచదు. తవుడు బలమని మన పల్లెల్లో ఉన్న నమ్మకం గేదెకు సరిపోతుంది, గుర్రానికి సరిపోదు. నీళ్లు రోజుకు ఇరవై అయిదు నుంచి నలభై లీటర్లు, మే నెలలో ఇంకా ఎక్కువ.

మేత తింటుండగా డెక్కలు ఎత్తి చూస్తాం. అడుగున ఇరుక్కున్న రాళ్లు, తడి లద్దె తీసి శుభ్రం చేస్తాం. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి డెక్కలు చెక్కించాలి. లాడాలు కొట్టే మంచి మనిషి దొరకడం ఈ రోజుల్లో డాక్టరు దొరకడం కంటే కష్టం. దొరికినాయన్ను గౌరవంగా చూసుకోండి, అడిగినంత ఇవ్వండి. ఏడాదికొకసారి పళ్లు చూపించాలి. గుర్రం పళ్లు జీవితమంతా పైకి వస్తూనే ఉంటాయి. ఒకవైపు అరిగి మరోవైపు కత్తుల్లా మొన తేలి చెంపలను కోస్తాయి. సగం నమిలిన గడ్డి ముద్దలు తొట్టి పక్కన పడి కనిపిస్తే పొగరు అనుకోకండి. దానికి నోరు నొప్పిగా ఉంది.

ఎండ ముదిరేలోపు మాలీసు, అంటే ఒళ్లు రుద్దడం. ఇది నాకు రోజంతటిలో ఇష్టమైన పని. జూలు ముగిసి వీపు మొదలయ్యే చోట రెండు గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గోక్కోవడం చూసే ఉంటారు. ఫ్రాన్స్‌లో కామార్గ్ గుర్రాల మీద 1993లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం సరిగ్గా ఆ చోట గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుంది. వేరే చోట గోకితే అలా తగ్గలేదు. కొత్త గుర్రం దగ్గరికి పక్కనుంచి వెళ్లండి, దాని కంటికి కనబడేలా. ముఖాన్ని తడమాలని చేయి చాచకండి. ఆ చోట మెల్లగా గోకండి. దానికి నచ్చితే మెడ కిందికి వాలుతుంది, కింది పెదవి వేలాడుతుంది, ఒక్కోసారి పైపెదవి మెలికలు తిరుగుతుంది. నచ్చకపోతే ఒంటిమీది చర్మం జలదరిస్తుంది. చేయి తీసేయండి. వద్దన్నప్పుడు మనిషి ఆగిపోవడం అది జీవితంలో మొదటిసారి చూస్తుండవచ్చు.

మిగిలిన రోజంతా మోత, ఊడ్పు, కొలత, రాత. ఒక్కో గుర్రం కింద రోజుకు లద్దె, తడిసిన ఊక కలిపి ఇరవై కిలోలకు పైగా పోగవుతుంది. పది గుర్రాలుంటే రెండు క్వింటాళ్లు ఎత్తిపోయాలి. అది కుళ్లి మంచి ఎరువవుతుంది, చుట్టుపక్కల కూరగాయల రైతులు వచ్చి తీసుకెళతారు. ఆ రైతుల స్నేహం కరువు కాలంలో పచ్చిమేతగా తిరిగి వస్తుంది.

పడుకోవడం

చాందినీ అనే తెల్ల ఆడగుర్రం చాలా ఏళ్లు బరాత్‌లలో తిరిగి మా దగ్గరికి చేరింది. ఒంటిమీద పెద్ద గాయాలేమీ లేవు. ముందుకాళ్లకు మాత్రం డెక్కల పైనున్న కీళ్ల ముందు భాగంలో వెంట్రుకలు ఊడి, మానీ మానని పుండ్లు ఉన్నాయి. తాడు రాపిడి అనుకుంటారు చూసినవాళ్లు. సాయీసు పెద్దాయన మాత్రం ఒక్క చూపులో చెప్పాడు. “ఇది పండుకుంటలేదమ్మా.”

గుర్రం నిలబడి కునుకు తీయగలదు. దాని కాళ్లలోని స్నాయువులూ కీలు బంధాలూ బిగిసి, కండరాలకు శ్రమ లేకుండా బరువును మోస్తాయి. కానీ గాఢమైన, కలలు వచ్చే నిద్రకు అది నేలమీద పడుకోవాలి. రోజు మొత్తంలో గుర్రం నిద్రపోయేది సుమారు మూడు గంటలే, అందులో ఈ పడుకున్న నిద్ర కొంత భాగం. పడుకున్న గుర్రం లేచి పారిపోవడానికి సమయం పడుతుంది. అందుకని చుట్టూ భద్రంగా ఉందని దానికి నమ్మకం కలిగితేనే పడుకుంటుంది. ఆ నమ్మకం లేని గుర్రం రోజుల తరబడి నిలబడే ఉంటుంది. నిద్ర ముంచుకొచ్చినప్పుడు ముందుకాళ్లు మడతపడి, కీళ్లు నేలకు కొట్టుకుని, ఉలిక్కిపడి లేస్తుంది. ఆ పుండ్లు అలా వచ్చినవే.

చాందినీ కోసం మేం చేసిన ప్రత్యేకమైన పని ఏదీ లేదు. మెత్తగా, పొడిగా ఊక పరిచాం. పక్క గదిలో నిదానస్తురాలైన ఒక ముసలి గుర్రాన్ని కట్టేశాం, ఎందుకంటే ఒకటి పడుకుంటే మరొకటి నిలబడి కాపలా కాయడం వాటి పద్ధతి. పెళ్లిళ్ల కాలంలో దూరం నుంచి బ్యాండు చప్పుడు వినిపించే రాత్రుల్లో ఎవరో ఒకరం ఆమె గది ముందు వరండాలో కూర్చున్నాం. మిగిలినదంతా వేళే. అదే గేటు చప్పుడు, అదే చేతులు, అదే బకెట్. వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున ఆమె కుడి డొక్క నిండా ఊక అంటుకుని ఉంది. జూలులో కూడా ఊకే. రాత్రి ఎప్పుడో, ఎవరూ చూడనప్పుడు, ఒళ్లంతా నేలకు ఆనించి నిద్రపోయింది. పెద్దాయన ఆ ఊకను దులపకుండా కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాడు. తరువాత అందరికీ చాయ్ తెప్పించాడు.

మీరు ఈ పనిలో ఎదురుచూడాల్సిన ప్రతిఫలం ఇలాగే ఉంటుంది. గుర్రం పరుగెత్తుకొచ్చి మీ భుజం మీద తల పెట్టడం జరగవచ్చు, జరగకపోవచ్చు. ఎక్కువ గుర్రాలు అలా చేయవు. కానీ అది పడుకుంటుంది. వానకు తడిసిన నేలమీద నాలుగు కాళ్లూ పైకెత్తి పొర్లుతుంది. మీరు వచ్చినా తల ఎత్తకుండా మేత తింటూనే ఉంటుంది. మీ రాక దాన్ని భయపెట్టే వార్త కానంత మామూలైపోయింది. మనుషుల మధ్య మనం గుర్తింపు కోసం ఎంత ఆరాటపడతామో నాకు తెలుసు. ఒక ప్రాణి మనల్ని పట్టించుకోనవసరం లేనంత నిశ్చింతగా ఉండటం ఎంత పెద్ద బహుమతో నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. దానికి అలవాటుపడ్డ మనసు ఇంట్లోనూ మారుతుంది. ఎదిగిన పిల్లలు రోజూ ఫోన్ చేయకపోతే బాధపడే తల్లులు కొందరు ఇక్కడ పనిచేస్తూ ఆ బాధను మెల్లగా వదిలేశారు. పిల్లలు నిశ్చింతగా ఉన్నారు కాబట్టే ఫోన్ చేయలేదని వాళ్లకు తోచింది.

ఇంకొకటి. కోపంతో గుర్రం దగ్గరికి వెళ్లలేరు. వెళ్లగలరు గానీ పని జరగదు. మీ ఊపిరి బిగిసి ఉంటే, అడుగు విసురుగా పడితే డెక్క ఎత్తనివ్వదు. అందుకని గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఊపిరి వదిలి లోపలికి రావడం మా వాళ్లందరికీ అలవాటైపోయింది. గుర్రాల దగ్గర ఉంటే సకల మనోవ్యాధులూ నయమవుతాయని చెప్పేవాళ్లు ఉన్నారు. నేను అలా చెప్పను. దిగులు ముదిరినవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లాలి, మందులు వాడాలి. ఇక్కడ దొరికేది రోజుకు కొన్ని గంటలపాటు మనసు ఒకే పని మీద నిలవడం. నాకు తెలిసినంతలో అది చాలా విలువైనది.

చావు గురించి

ఆశ్రయం నడిపేవాళ్లలో చాలామందిని వెళ్లగొట్టేది పని బరువు కాదు, చావులు. దయ చూపే పనిలో ఉన్నవాళ్లకు పట్టే ఈ అలసట గురించి 1992లో కార్లా జాయిన్సన్ అమెరికాలో నర్సులను ఉద్దేశించి రాశారు. మూడేళ్ల తరువాత చార్లెస్ ఫిగ్లీ దాని మీద పుస్తకమే తెచ్చారు. ఆ లక్షణాలు నాకు దగ్గరగా తెలుసు. కొత్త గుర్రం వచ్చినా ఏమీ అనిపించకపోవడం, చిన్న విషయానికి పనివాళ్ల మీద విరుచుకుపడటం, నిద్రలో లారీ చప్పుడు వినిపించడం.

ఇలాంటప్పుడు నేను డరోతీ బ్రూక్ గురించి ఆలోచిస్తాను. ఆమె భర్త ఈజిప్టులో బ్రిటిష్ అశ్వదళానికి అధికారి. 1930లో కైరోకు వచ్చిన ఆమెకు వీధుల్లో బండ్లు లాగుతూ ఎముకల గూళ్లలాంటి ముసలి గుర్రాలు కనబడ్డాయి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం అక్కడే అమ్మేసి వెళ్లిన గుర్రాలవి.   బ్రూక్ 1931లో మార్నింగ్ పోస్ట్ పత్రికకు ఉత్తరం రాస్తే జనం డబ్బు పంపారు. ఆమె ఆ గుర్రాలను వాటి పేద యజమానుల నుంచి ధర ఇచ్చి కొన్నారు. తరువాతి కొన్నేళ్లలో అయిదు వేల దాకా కొన్నారు. 1934లో కైరోలో ఆస్పత్రి పెట్టారు.

ఆ అయిదు వేలలో చాలావాటిని బతికించడానికి ఆమె కొనలేదు. అవి కోలుకునే దశ దాటిపోయాయి. కొన్నాళ్లు కడుపునిండా మేత, మెత్తటి పడక, మంచి నీళ్లు, ఎవరూ కొట్టని రోజులు వాటికి ఇచ్చి, తరువాత నొప్పి లేకుండా వాటిని పంపించారు. దాన్ని ఓటమిగా ఆమె లెక్కించి ఉంటే రెండో వారం కూడా సాగేది కాదు. కాలు విరిగి అతకని గుర్రాన్ని, పేగు మెలికపడి ఆపరేషన్‌కు అందని గుర్రాన్ని బతికించాలని పంతం పట్టడం మన బాధను దాని మీద మోపడమే. నిర్ణయం డాక్టరుతో కలిసి తీసుకోండి. సూది వేసేటప్పుడు పక్కన ఉండండి, దానికి రోజూ మేత వేసిన మనిషిని కూడా ఉంచండి. మందలోని తోటి గుర్రానికి ఆ శరీరాన్ని వాసన చూసే అవకాశం ఇవ్వండి. అలా చూసినవి తరువాత వెతుక్కుంటూ సకిలించడం తక్కువని మా అనుభవం. మర్నాడు పొద్దున మిగతావాటికి మేత వేళకే పడాలి. నిజానికి ఆ వేళే మనల్ని మంచం మీంచి లేపుతుంది. సెలవు తీసుకోకండని అనడం లేదు, తప్పక తీసుకోండి. కానీ ఆ మరునాడు మాత్రం రండి.

మీరు మొదలుపెట్టాలనుకుంటే

గుర్రాన్ని కొనడంతో మొదలుపెట్టకండి. జాలిపడి డబ్బిచ్చి కొంటే ఆ డబ్బుతో మరో గుర్రం అదే స్థానంలోకి వస్తుంది. ముందు ఏదైనా ఆశ్రయంలోనో, మంచి రైడింగ్ స్కూల్లోనో ఏడాదిపాటు లద్దె ఎత్తండి. ఒక వేసవి, ఒక వానాకాలం చూడండి. అప్పటికీ మనసు అక్కడే ఉంటే భూమి వెతకండి. నీళ్లు నిలవని నేల, బోరు, నీడనిచ్చే చెట్లు, గంటలోపు చేరుకోగల పశువైద్యుడు ఉండాలి. చివరిది లేకపోతే ఎంత అందమైన పొలమైనా వద్దు. ఒక్క గుర్రాన్ని ఎప్పుడూ ఉంచకండి. మందగా బతికే జంతువుకు ఒంటరితనం ఆకలిలాంటిదే. రెండోది దొరకకపోతే గాడిదైనా తోడు ఉండాలి.

గడ్డి కొనడానికి ఆరు నెలల డబ్బు చేతిలో లేకుండా కొత్త గుర్రాన్ని ఒప్పుకోకండి. కాదనడం ఈ పనిలో అన్నిటికంటే బరువైన పని. ఫోన్ అవతల మనిషి ఏడుస్తుంటాడు. అయినా ఉన్నవాటి మేత పంచి కొత్తదానికి పెడితే, కొన్ని నెలల్లో మీ ఆశ్రయం నుంచే ఎవరో గుర్రాలను కాపాడాల్సి వస్తుంది. కోలుకున్న వాటికి మంచి ఇల్లు దొరికితే రాతపూర్వకమైన ఒప్పందంతో ఇచ్చేయండి. అమ్మకూడదని, ఎప్పుడైనా వచ్చి చూస్తామని, వద్దనుకుంటే తిరిగి మాకే ఇవ్వాలని అందులో ఉండాలి. పంపేటప్పుడు గుండె పిండినట్టవుతుంది. ఖాళీ అయిన గదిలోకి మరొకటి వస్తుంది.

మీకు ఇప్పుడు యాభై ఏళ్లు ఉండి, అయిదేళ్ల గుర్రాన్ని తీసుకుంటే, మీ డెబ్భైలలో కూడా దానికి పొద్దున్నే గడ్డి వేయాలి. అప్పుడు వేసేదెవరు? ఈ ప్రశ్నకు మొదటి గుర్రం రాకముందే జవాబు ఉండాలి. ట్రస్టు రిజిస్టర్ చేయించండి. పనివాళ్లకు జీతం వేళకివ్వండి, గుర్రం తన్ని మంచాన పడితే చూసుకునేలా బీమా చేయించండి. నెలలో కొన్ని రోజులైనా మీరు లేకుండా అక్కడ పని నడవాలి. అలా నడవాలంటే అంతా మీ తలలో ఉంచుకోకూడదు. ఒక్కో గుర్రానికి ఒక పుస్తకం పెట్టండి. ఏం తింటుంది, ఎంత తింటుంది, డెక్కలు ఎప్పుడు చెక్కించారు, టీకా ఎప్పుడు పడింది, ఏ కాలు ముట్టుకుంటే భయపడుతుంది, ఏ శబ్దానికి బెదురుతుంది, రాత్రి పడుకుంటోందా లేదా. ఇవన్నీ రోజూ రాయండి, మీకు జ్వరం వచ్చిన రోజు వచ్చే కొత్త కుర్రాడు కూడా చదువుకోగలిగేలా తెలుగులో, పెద్ద అక్షరాలతో.